మేక్‌ఫైళ్ళలో ఆధారసంబంధాల స్వయంచాలక నమోదు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫైలు మారినప్పుడు వేటిని తిరిగి కంపైల్ చేయాలో నిర్ణయించడానికి 1976లో ‘మేక్’ అనే ప్రోగ్రాం పుట్టింది. ఏ ఫైలు దేనిపై ఆధారపడి ఉందో చెప్పే బాధ్యతను అది మనిషికి అప్పగించింది. ఆ బాధ్యత తరువాతి కాలంలో కంపైలర్‌కు ఎలా బదిలీ అయిందో, బదిలీ ఎక్కడ ఆగిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎక్స్ విండో వ్యవస్థ, లైనక్స్ కెర్నల్, క్రోమియం బ్రౌజర్ ఇందుకు ప్రధాన ఉదాహరణలు. ఫైళ్ళ మధ్య సంబంధం వాస్తవానికి చెందినది, మాడ్యూళ్ళ మధ్య సంబంధం సంకల్పానికి చెందినది. మొదటిదానిని యంత్రం నమోదు చేయాలి, రెండవదానిని మనిషి ప్రకటించాలి అనేది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన.

కీలకపదాలు: మేక్, మేక్‌ఫైలు, ఆధారసంబంధం, కంపైలర్, హెడర్ ఫైలు, మాడ్యూల్, కెర్నల్.

1. ఉపోద్ఘాతం:

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ముందుగా వేసుకునే ప్రశ్న ఒకటుంది: చేతిలో ఉన్న ప్రతికి మాతృక ఏది? మాతృకలో ఒక తప్పును సవరించినంత మాత్రాన దానిని చూసి అంతకుముందే రాసుకున్న ప్రతులు వాటంతట అవి సవరించబడవు. ఏ ప్రతి దేనిని చూసి రాసినదో తెలియకపోతే, ఏ ప్రతిని తిరిగి రాయించాలో కూడా తెలియదు.

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. ప్రోగ్రామర్ రాసేది మూలఫైలు. దానిని చదివి కంపైలర్ యంత్రభాషలో ఆబ్జెక్ట్ ఫైలును తయారుచేస్తుంది. అటువంటి ఆబ్జెక్ట్ ఫైళ్ళనేకం కలిపి లింకర్ అమలుకు సిద్ధమైన ప్రోగ్రాంను కూర్చుతుంది. మూలం మారినా ఆబ్జెక్ట్ ఫైలు పాతదే మిగిలిపోతే, ప్రోగ్రామర్ చదివే పాఠం ఒకటి, యంత్రం నడిపే పాఠం మరొకటి అవుతాయి. ప్రతిసారీ అన్నింటినీ మొదటి నుండి కంపైల్ చేస్తే ఈ ప్రమాదం ఉండదు. కానీ వేల ఫైళ్ళున్న చోట ఒక్క పంక్తి మార్పుకు గంటల తరబడి వేచి ఉండడం సాధ్యం కాదు. కాబట్టి అవసరమైనవాటినే, అవసరమైనవాటినన్నింటినీ తిరిగి నిర్మించాలి. ఈ రెండు షరతులనూ ఒకేసారి నెరవేర్చడానికి జరిగిన ప్రయత్నమే ఈ వ్యాసవిషయం.

2. మేక్ ఆవిర్భావం:

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ను రాశారు. దాని పుట్టుకను ఆయనే తరువాతి కాలంలో వివరించారు. ‘యాక్’ అనే ప్రసిద్ధ సాధనాన్ని రూపొందించిన స్టీవ్ జాన్సన్ ఒకనాడు కోపంగా ఆయన గదికి వచ్చారు. అప్పటికే సరిదిద్దిన ప్రోగ్రాంలో తప్పు కోసం ఆయన ఒక ఉదయమంతా వెతికారు. దోషం మూలఫైలులో పోయింది. ఆ ఫైలును తిరిగి కంపైల్ చేయకపోవడం వల్ల నడుస్తున్న ప్రోగ్రాంలో మాత్రం పోలేదు. ముందురోజు సాయంత్రం ఫెల్డ్‌మన్ కూడా అదే ఇబ్బందితో తంటాలు పడ్డారు. ఆ వారాంతంలోనే మేక్ తయారైంది.

ఈ కథనంలో తరచుగా ఉదాహరించబడేది జాన్సన్ కోపం. చరిత్ర దృష్ట్యా అంతకన్నా ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. ఫెల్డ్‌మన్ మొదట తలపెట్టినది ఆధారసంబంధాలను తానే విశ్లేషించి కనిపెట్టే విస్తృతమైన సాధనం. దానిని బాగా కుదించి సరళం చేయగా మిగిలినదే మేక్. అంటే సంబంధాలను యంత్రమే కనిపెట్టాలనే ఆలోచన తరువాతి తరాలు కొత్తగా చేర్చినది కాదు. పుట్టుకలోనే ఉండి, పక్కన పెట్టబడినది.

మేక్‌ఫైలులోని ప్రతి నియమానికి మూడు భాగాలుంటాయి. తయారు కావలసిన ఫైలు లక్ష్యం, అది వేటి నుండి తయారవుతుందో అవి ఆధారాలు, తయారీకి ఇవ్వవలసినది ఆదేశం. ఆధారాలలో ఏ ఒక్కటైనా లక్ష్యం కన్నా ఆలస్యంగా మారి ఉంటే మేక్ ఆ ఆదేశాన్ని అమలు చేస్తుంది. ఫైలు లోపల ఏముందో అది చదవదు. చివరిసారి మారిన సమయాన్ని మాత్రమే పోల్చుతుంది. ఈ సరళత వల్ల మేక్ ఏ భాషకైనా పనికివచ్చింది. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పుతో విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. 2003లో అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ ఈ కృషికి ఫెల్డ్‌మన్‌ను సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారంతో గౌరవించింది.

3. చేతిరాత జాబితాల పరిమితి:

మేక్ తన నియమాలను నమ్ముతుంది. నియమంలో లేని సంబంధం దాని దృష్టిలో లేనట్లే. చిన్న ప్రోగ్రాంలో ఇది సమస్య కాదు. సి భాషలోని హెడర్ ఫైళ్ళు పెరిగేకొద్దీ సమస్య అవుతుంది.

అనేక మూలఫైళ్ళు ఉమ్మడిగా వాడుకునే వర్ణనలు హెడర్ ఫైలులో ఉంటాయి. మూలఫైలు ‘ఇంక్లూడ్’ ఆదేశంతో హెడర్‌ను తనలోకి తెచ్చుకుంటుంది. ఆ హెడర్ మరొక హెడర్‌ను, అది ఇంకొకదానిని తెచ్చుకోవచ్చు. కనుక ఒక మూలఫైలుకు నిజమైన ఆధారాలు దాని మొదటి పంక్తులలో కనిపించే మూడు నాలుగు పేర్లు మాత్రమే కావు. వాటి వెనుక ఉన్న పదుల, వందల ఫైళ్ళు కూడా. వీటిని ప్రోగ్రామర్ చేతితో రాసి, ప్రతి మార్పుకూ సవరిస్తూ ఉండాలని మేక్ ఆశించింది. ఆచరణలో అది జరగలేదు.

జాబితాలో ఒక్క పేరు తప్పిపోతే కలిగే నష్టాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక హెడర్‌లో వ్యక్తి వివరాల అమరిక ఉందనుకుందాం: మొదట పేరు, తరువాత వయస్సు. ఈ రెండింటి నడుమ కొత్తగా ఊరు చేర్చారు. ఈ హెడర్‌ను వాడే రెండు మూలఫైళ్ళలో ఒకటి తిరిగి కంపైల్ అయింది. రెండవది జాబితాలో లోపం వల్ల కాలేదు. మొదటి ఫైలు ఊరును రాసిన స్థానంలో రెండవ ఫైలు వయస్సును చదువుతుంది. సి భాషలో లింకర్ పేర్లు కలుస్తున్నాయో లేదో చూస్తుందే తప్ప లోపలి అమరికను పోల్చదు. కనుక హెచ్చరిక ఏదీ రాదు. ప్రోగ్రాం తయారవుతుంది, నడుస్తుంది, తప్పు ఫలితం ఇస్తుంది. మూలఫైళ్ళను ఎంత పరిశీలించినా దోషం కనిపించదు. ఎందుకంటే అవి రెండూ సరైనవే. జాన్సన్‌ను వేధించిన సమస్యే ఇక్కడ రూపం మార్చుకుని తిరిగి వచ్చింది.

4. వెతికి రాసే సాధనాలు:

మనిషి రాయలేని జాబితాను వెతికి రాసే సాధనాలు 1980ల నాటికి వచ్చాయి. వాటిలో ప్రసిద్ధమైనది ‘మేక్‌డిపెండ్’. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని అథీనా ప్రాజెక్టు కోసం టెక్ట్రానిక్స్‌కు చెందిన టాడ్ బ్రన్‌హాఫ్ దీనిని రాశారు. అనేక కంపెనీల కంప్యూటర్లపై ఒకే విధంగా పనిచేయవలసిన ఎక్స్ విండో వ్యవస్థకు ఇది ఎంతో అవసరమైంది. ఒక్కొక్క యంత్రానికి తగిన మేక్‌ఫైలును క్లుప్తమైన వివరణ నుండి తయారుచేసే ‘ఐమేక్’ కూడా బ్రన్‌హాఫ్ కృషే.

మేక్‌డిపెండ్ మూలఫైళ్ళను చదివి, ఇంక్లూడ్ ఆదేశాలను ఒకదాని వెంట ఒకటిగా అనుసరించి, కనుగొన్న సంబంధాలను మేక్‌ఫైలు చివర చేర్చుతుంది. తాను రాసిన భాగం ఎక్కడ మొదలవుతుందో గుర్తించడానికి, తొలగించవద్దని హెచ్చరించే ఒక పంక్తిని అక్కడ ఉంచుతుంది. ఆ పంక్తికి పైన ఉన్నది మనిషి రాత, కింద ఉన్నది యంత్రం రాత. రెండు రకాల జ్ఞానానికి మధ్య ఈ చరిత్రలో కనిపించే తొలి స్పష్టమైన సరిహద్దులలో ఇది ఒకటి.

అయితే ఈ పద్ధతిలో మూడు లోపాలున్నాయి. మొదటిది, ఇది విడిగా చేయవలసిన పని. చేయడం మరచిపోతే పాత జాబితాయే అమలులో ఉంటుంది. రెండవది, ఒక్క ఫైలు మారినా అన్ని ఫైళ్ళనూ తిరిగి వెతకడం వల్ల కాలం వృథా అవుతుంది. మూడవది సూక్ష్మమైనది: వెతికేది ఒక ప్రోగ్రాం, కంపైల్ చేసేది మరొకటి. కంపైలర్ తనంత తానుగా ఏ డైరెక్టరీలలో వెతుకుతుందో, ఏ షరతులను ముందే నిర్వచించుకుంటుందో మేక్‌డిపెండ్‌కు పూర్తిగా తెలియదు. కాబట్టి అది ఇచ్చేది ప్రత్యక్షసాక్ష్యం కాదు. బలమైన ఊహ మాత్రమే.

5. కంపైలరే సాక్షి:

ఒక మూలఫైలును కంపైల్ చేసేటప్పుడు ఏయే హెడర్లు తెరుచుకున్నాయో నిస్సందేహంగా తెలిసినది కంపైలర్‌కే. గ్నూ కంపైలర్‌లోని ‘ఎం’ వర్గపు ఐచ్ఛికాలు ఆ సమాచారాన్ని మేక్ నియమం రూపంలోనే బయటపెట్టాయి. దీనితో ప్రశ్న మారింది. ఎవరిని అడగాలో తెలిసింది. ఎప్పుడు అడగాలన్నది మిగిలింది.

కంపైల్ చేయడానికి ముందే జాబితా సిద్ధంగా ఉండాలని అందరూ భావించారు. ఆటోమేక్ అనే సాధనాన్ని అభివృద్ధి చేసిన టామ్ ట్రోమీ ఈ భావనను తలకిందులు చేశారు. ఆయన తర్కం ఇది: ఆబ్జెక్ట్ ఫైలు లేకపోతే ఎలాగూ కంపైల్ చేయాలి, కనుక జాబితా అక్కరలేదు. ఆబ్జెక్ట్ ఫైలు ఉంటే అది తయారైన నాటి జాబితా కూడా ఉంటుంది. కొత్త హెడర్ చేరాలంటే ఆ జాబితాలోని ఏదో ఒక ఫైలులో మార్పు జరిగి తీరాలి. మార్పు జరిగితే తిరిగి కంపైల్ అవుతుంది, ఆ పనిలోనే కొత్త జాబితా పుడుతుంది. కాబట్టి కంపైలింగ్ జరుగుతుండగా ఉపఫలంగా జాబితాను రాసుకుంటే చాలు. అది తరువాతి నిర్మాణానికి పనికివస్తుంది.

గ్నూ మేక్ నిర్వాహకుడు పాల్ స్మిత్ ఈ పద్ధతిని మామూలు మేక్‌ఫైళ్ళకు అన్వయించి వివరించడంతో అది విస్తృతంగా వ్యాపించింది. ఒక చిక్కు మిగిలింది. ఏదైనా హెడర్‌ను తొలగిస్తే, పాత జాబితాలో దాని పేరు ఉన్నందున, దానిని తయారుచేసే నియమం లేదంటూ మేక్ ఆగిపోయేది. జాబితాలోని ప్రతి హెడర్‌కూ ఆదేశం లేని ఒక ఖాళీ నియమాన్ని చేర్చి ఈ చిక్కును విప్పారు. గ్నూ కంపైలర్‌లోని ‘ఎంపీ’ ఐచ్ఛికం చేసేది ఈ పనే.

ఈ పద్ధతి సర్వజ్ఞం కాదు. యాక్ వంటి సాధనం తయారుచేసే హెడర్ మొదటి నిర్మాణానికి ముందు ఉండదు. జాబితా కూడా ఉండదు. దానిని ముందు తయారుచేయాలన్న సంగతిని మనిషే చెప్పాలి. అలాగే కంపైలర్ తాను తెరిచిన ఫైళ్ళను చెబుతుందే గాని, వెతికినా దొరకని చోట్లను చెప్పదు. ముందు వెతికే డైరెక్టరీలో అదే పేరుతో కొత్త హెడర్ వచ్చి చేరితే పాత జాబితాకు ఆ సంగతి తెలియదు.

6. విడిపోయిన చిత్రం:

ఫైళ్ళ స్థాయిలో సమస్య ఈ విధంగా ఒక కొలిక్కి వస్తుండగా, మాడ్యూళ్ళ స్థాయిలో మరొకటి బయటపడింది. పెద్ద ప్రాజెక్టులలో ప్రతి డైరెక్టరీకి ఒక మేక్‌ఫైలు ఉంచి, పైనున్న మేక్ ఒక్కొక్క డైరెక్టరీలోకి వెళ్ళి మరొక మేక్‌ను నడిపే పద్ధతి స్థిరపడింది. 1997లో ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ మిల్లర్ తన వ్యాసంలో ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించారు.

ఆయన వాదన ప్రకారం దోషం మేక్‌ది కాదు. దానికి అందే సమాచారానిది. ప్రతి డైరెక్టరీలోని మేక్ తన భాగాన్ని మాత్రమే చూస్తుంది. ఒక మాడ్యూల్‌లోని ఫైలు మరొక మాడ్యూల్‌లో తయారయ్యే ఫైలుపై ఆధారపడితే, ఆ బంధం ఏ మేక్‌కూ కనిపించదు. అప్పుడు ప్రోగ్రామర్లు డైరెక్టరీల క్రమాన్ని చేతితో సర్దుతారు, మేక్‌ను రెండుసార్లు నడుపుతారు, లేదా అనుమానంతో అవసరానికి మించి నిర్మిస్తారు. మిల్లర్ సూచించిన మార్గం సరళమైనది. ప్రతి మాడ్యూల్ తన వివరాలను ఒక చిన్న ఖండికలో రాయాలి. ఒకే మేక్ ఆ ఖండికలన్నింటినీ చదివి, ప్రాజెక్టు మొత్తానికి ఒకే సంబంధజాలాన్ని నిర్మించుకోవాలి.

ఇక్కడ గమనించవలసిన విభజన ఒకటుంది. మాడ్యూల్‌లో ఏ ఫైళ్ళున్నాయో, అది ఏ లైబ్రరీగా రూపొందాలో ఖండికలో రాసేది మనిషి. ప్రతి ఫైలుకూ హెడర్ల జాబితాను సమకూర్చేది యంత్రం.

7. లైనక్స్ కెర్నల్ అనుభవం:

లైనక్స్ కెర్నల్ 2.4 కూర్పు 2001 జనవరిలో వెలువడింది. దానిని నిర్మించేవారు ఐచ్ఛికాలను ఎంచుకున్న తరువాత ‘మేక్ డెప్’ అనే ఆదేశాన్ని విడిగా ఇవ్వవలసి ఉండేది. అది మేక్‌డిపెండ్ నాటి ఆలోచనకు కొనసాగింపు. నిర్మాణవ్యవస్థను సమూలంగా మార్చాలని కీత్ ఓవెన్స్ ఒక కొత్త వ్యవస్థను రాశారు. అది ప్రధాన కెర్నల్‌లో చేరలేదు. కై జర్మషెవ్‌స్కీ ఉన్న వ్యవస్థనే చిన్నచిన్న మార్పులతో సంస్కరించారు. శామ్ రావ్న్‌బోర్గ్ ఆ కృషిని కొనసాగించారు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కూర్పులో ‘మేక్ డెప్’ అవసరం లేకుండా పోయింది. జాబితాలు కంపైలింగ్‌తో పాటే తయారవుతున్నాయి.

కెర్నల్‌కు ప్రత్యేకమైన సమస్య మరొకటి ఉంది. వినియోగదారుడు ఎంచుకున్న ఐచ్ఛికాలన్నీ ఒకే హెడర్‌లో ఉంటాయి; ప్రతి మూలఫైలూ దానిని చదువుతుంది. కంపైలర్ సాక్ష్యాన్ని యథాతథంగా తీసుకుంటే, ఒక్క ఐచ్ఛికం మారినా కెర్నల్ మొత్తం తిరిగి కంపైల్ కావాలి. జర్మషెవ్‌స్కీ రాసిన ‘ఫిక్స్‌డెప్’ అనే చిన్న ప్రోగ్రాం దీనికి పరిష్కారం చూపింది. అది మూలఫైలులోను, దాని హెడర్లలోను ఏయే ఐచ్ఛికాల పేర్లు కనిపిస్తాయో వెతికి, ఉమ్మడి హెడర్ స్థానంలో ఆ ఐచ్ఛికాలకు మాత్రమే సంబంధించిన చిన్న ఫైళ్ళను ఆధారాలుగా చేర్చుతుంది. సాక్షి ‘ఈ గ్రంథాన్ని చూశాను’ అంటే, ‘ఇందులో ఏ పద్యాన్ని వాడుకున్నావు?’ అని అడగడం వంటిది ఇది.

మరొక మెలకువ కూడా ఇందులో ఉంది. ప్రతి ఆబ్జెక్ట్ ఫైలును ఏ ఆదేశంతో తయారుచేశారో ఈ వ్యవస్థ రాసి ఉంచుతుంది. ఫైళ్ళేవీ మారకపోయినా ఆదేశం మారితే తిరిగి కంపైల్ చేస్తుంది. ఆదేశం కూడా ఒక ఆధారమే అనే గ్రహింపు ఇక్కడ కనిపిస్తుంది. విశేషమేమిటంటే, ఈ వ్యవస్థ మిల్లర్ విమర్శించిన డైరెక్టరీల వారీ పద్ధతిని వదలలేదు. దేనిని యంత్రానికి అప్పగించాలన్నది అన్ని ప్రాజెక్టులలో ఒకే విధంగా తేలలేదని దీనివల్ల తెలుస్తుంది.

8. మేక్‌ఫైలును మనిషి రాయని దశ:

జాబితా మాత్రమే కాక, మేక్‌ఫైలు మొత్తాన్నీ యంత్రమే రాయాలన్న ధోరణి ఐమేక్‌తోనే కనిపిస్తుంది. 1990లలో ఆటోమేక్, 2000లో మొదలైన సీమేక్ దానిని ముందుకు తీసుకుపోయాయి. గూగుల్‌లో క్రోమియం బ్రౌజర్ కోసం ఈవాన్ మార్టిన్ రాసిన ‘నింజా’ ఈ ధోరణికి పరాకాష్ఠ. సుమారు 30,000 మూలఫైళ్ళున్న క్రోమియంలో ఒక ఫైలు మార్చిన తరువాత నిర్మాణం మొదలవడానికే ఇతర సాధనాలకు 10 సెకన్లు పట్టగా, నింజాకు ఒక సెకను కూడా పట్టలేదని దాని కరదీపిక పేర్కొంటుంది. నింజా ఫైళ్ళు మనుషులు రాయడానికి ఉద్దేశించినవి కావు. వేరొక సాధనం వాటిని తయారుచేస్తుంది. కంపైలర్ ఇచ్చిన జాబితాలను నింజా తన సంక్షిప్త భాండారంలో భద్రపరుస్తుంది.

భాషాధ్యయనపరులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఇక్కడ ఉంది. మైక్రోసాఫ్ట్ సి కంపైలర్ తాను చదివిన హెడర్లను తెరపై ఒక వాక్యంతో ప్రకటిస్తుంది. ఆ వాక్యం కంపైలర్ ఏ భాషలో స్థాపించబడిందో ఆ భాషలో ఉంటుంది. ఆంగ్లవాక్యం కోసం మాత్రమే చూసే నిర్మాణసాధనం వేరొక భాషలోని కంపైలర్ సాక్ష్యాన్ని గుర్తించలేదు. అందువల్ల ఆ వాక్యం ఏ పదాలతో మొదలవుతుందో నింజాకు విడిగా తెలియజేసే వీలు కల్పించారు. సాక్ష్యం సరైనదైతే చాలదు, అది అర్థమయ్యే భాషలో అందాలి కూడా.

9. మాడ్యూళ్ళు, ప్రకటనలు:

ఎక్స్ విండో వ్యవస్థ 2005 డిసెంబరులో వెలువరించిన 7.0 కూర్పులో తన ఏకశిలారూపాన్ని విడిచి విడివిడి మాడ్యూళ్ళుగా మారింది. ఐమేక్ స్థానంలో ఆటోమేక్ వర్గపు సాధనాలు వచ్చాయి. ఒక మాడ్యూల్‌కు మరొక మాడ్యూల్ ఏ కూర్పులో కావాలో మనుషులే పేరుతో ప్రకటించే పద్ధతి అమలులోకి వచ్చింది. హెడర్ల జాబితా యంత్రం చేతికి పోయినా, మాడ్యూళ్ళ ఒడంబడిక మనిషి చేతిలోనే ఉండిపోయింది.

2015లో గూగుల్ బహిరంగపరచిన ‘బేజెల్’ ఈ విభజనను నియమంగా మార్చింది. ప్రతి మాడ్యూల్ తన ఆధారాలను ముందుగా ప్రకటించాలి. ప్రకటించని ఫైళ్ళు అందుబాటులో లేని మూసిన ఆవరణలో నిర్మాణం జరుగుతుంది. మనిషి మాటను యంత్రం గుడ్డిగా నమ్మదు; తనిఖీ చేస్తుంది.

సి ప్లస్ ప్లస్ భాష 2020 నాటి ప్రమాణంలో మాడ్యూళ్ళను ప్రవేశపెట్టడంతో ట్రోమీ తర్కానికే పరీక్ష ఎదురైంది. హెడర్‌ను మనిషి రాస్తాడు, అది ముందే ఉంటుంది. మాడ్యూల్‌ను వాడే ఫైలును కంపైల్ చేయాలంటే ఆ మాడ్యూల్ అంతకుముందే కంపైల్ అయి ఉండాలి. కాబట్టి జాబితా కంపైలింగ్ తరువాత దొరికితే చాలదు; క్రమం ముందే తెలియాలి. ఫోర్ట్రాన్ 90 మాడ్యూళ్ళతో ఇదే చిక్కు అంతకుముందే అనుభవంలోకి వచ్చింది. 2020 జనవరిలో వచ్చిన నింజా 1.10 నిర్మాణం మధ్యలో తెలిసే సంబంధాలను స్వీకరించగలిగింది. 2023 డిసెంబరు నాటి సీమేక్ 3.28 సి ప్లస్ ప్లస్ మాడ్యూళ్ళకు అధికారిక మద్దతునిచ్చింది. మూలఫైళ్ళను ముందుగా ఒకసారి పరిశీలించి, క్రమం నిర్ణయించి, ఆపై కంపైల్ చేయడం ఈ కొత్త పద్ధతి. మేక్‌డిపెండ్ నాటి ముందస్తు వెతుకులాట ఈ విధంగా తిరిగి వచ్చింది. అయితే ఈసారి వెతికేది కంపైలర్ వర్గానికి చెందిన సాధనమే.

10. ముగింపు:

1976లో ఫెల్డ్‌మన్ పక్కన పెట్టిన ఆలోచన వైపే తరువాతి చరిత్ర నడిచింది. ఏ ఫైలు ఏ ఫైలును చదివిందనేది జరిగిన సంఘటన. దానికి సాక్షి కంపైలర్. మనిషి రాసే జాబితా ఎంత శ్రద్ధగా రాసినా పాతబడుతుంది. ఏ మాడ్యూల్ దేనిపై ఆధారపడవచ్చుననేది నిర్ణయం. దానిని చదివిన ఫైళ్ళ జాబితా నుండి రాబట్టలేము. ఎందుకంటే పొరపాటున ఏర్పడిన సంబంధం, ఉద్దేశించిన సంబంధం ఆ జాబితాలో ఒకే విధంగా కనిపిస్తాయి. మొదటిదానిని మనిషికి అప్పగించినప్పుడు జాన్సన్ కోల్పోయిన ఉదయం వంటివి పునరావృతమయ్యాయి. రెండవదానిని పూర్తిగా యంత్రానికి వదిలితే ప్రాజెక్టు నిర్మాణక్రమం ఎవరి సంకల్పమూ కాకుండా పోతుంది. మేక్‌డిపెండ్ మేక్‌ఫైలులో గీసిన ఆ ఒక్క పంక్తి ఈనాటికీ చెరిగిపోలేదు. దానికి పైన ఏది ఉండాలి, కింద ఏది ఉండాలి అన్నదే ప్రతి తరమూ తిరిగి తేల్చుకుంటున్న ప్రశ్న.